చాదర్‌ఘాట్ కుర్రాడు, కాకినాడ పిల్ల, కోణార్క చక్రం

మొహర్రం పదో రోజున డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద బయల్దేరే బీబీ కా ఆలం (పీరు), చార్మినార్ మీదుగా సాగి మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ దగ్గర ముగుస్తుంది. ఆ దారి పొడవునా సబీళ్లు కనిపిస్తాయి. ఒక గుడ్డ పందిరి, ఒక బల్ల, డ్రముల్లో చల్లటి నీళ్లు, గ్లాసుల్లో షర్బత్. కర్బలాలో నీళ్లు అందకుండా దాహంతో ప్రాణాలు విడిచినవాళ్ల జ్ఞాపకంగా దారిన పోయేవాళ్లెవరికైనా పోస్తారు. మతం అడగరు, పేరు అడగరు. పోసే చేతుల్లో చాలావరకు పద్నాలుగు, పదిహేనేళ్ల చేతులే. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి బోనాలప్పుడు చూడండి. వరుసలు సర్దేది, ముసలమ్మలను పక్కదారిన గుడిలోకి తీసుకెళ్లేది, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి చేర్చేది కూడా ఆ ఈడువాళ్లే.

వీళ్లను ఎవరూ వలంటీర్లు అనరు. అన్న చేశాడు కాబట్టి తమ్ముడు చేస్తున్నాడు, అంతే. పాతబస్తీలో ఈ అలవాటు ఎంత పాతదో లెక్క కట్టడం కష్టం. అయితే ఇది పండుగకు కట్టుబడిన సేవ. పండుగ అయిపోతే పందిరి విప్పేస్తారు. పండుగ లేని మామూలు రోజున, పెద్దలు పురమాయించకుండానే, ఒక కుర్రాడు తన వీధిలో లోటు తాను చూసి, తోటివాళ్లను పోగేసి, ఆ పనిని ఏళ్ల తరబడి నిలబెట్టడం వేరే సంగతి. హైదరాబాద్‌లో ఆ అడుగు ఎవరు వేశారని అడిగితే నేను ముందుగా చెప్పే పేరు, ఆలం ఊరేగింపు ముగిసే ఆ చాదర్‌ఘాట్‌కు అవతలి ఒడ్డున పని మొదలుపెట్టిన మాదరి భాగయ్యది.

భాగయ్య 1888 మే 22న మాల కుటుంబంలో పుట్టాడు. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. చిన్నతనంలోనే ఒక క్రైస్తవ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరాడు. ఆ ఇంట్లో పత్రికలు ఉండేవి, వాటిని చదవమని ప్రోత్సహించే యజమాని ఉన్నాడు. నిజాం రాజధానిలో ఒక దళిత కుర్రాడికి ఆ రోజుల్లో అంతకంటే పెద్ద బడి దొరికేది కాదు. 1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, అతను జగన్మిత్ర మండలిని స్థాపించాడు.

ఆ మండలి చేసిన మొదటి పని చూస్తే ఆ వయసుకు ఉన్న తెలివి కనిపిస్తుంది. కరపత్రాలు వేస్తే చదివేవాళ్లు లేరు. సభ పెడితే పగలంతా పనిలో నలిగినవాళ్లు వచ్చి కూర్చోరు. అందుకని హరికథలు చెప్పించాడు, భజనలు పెట్టించాడు. జనం వాటికి అలవాటు పడ్డవాళ్లే, పిలవకుండానే వస్తారు. కథ వింటూ కూర్చున్న ఆ జనం ముందే తాగుడు గురించి, బాల్యవివాహాల గురించి, జోగినీ ఆచారం గురించి, జంతుబలి గురించి మాట్లాడటం మొదలైంది. జనం ఎక్కడ ఉన్నారో అక్కడికే వెళ్లడం అనే ఈ పద్ధతిని తర్వాతి కాలంలో సమాజసేవ పాఠ్యపుస్తకాలు వివరంగా రాశాయి. భాగయ్యకు అప్పటికి ఆ పుస్తకాలేవీ లేవు.

రెండేళ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగింది. సుమారు 15,000 మంది చనిపోయారని చెబుతారు. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిని, నది రెండు ఒడ్లనూ కలిపి ఉంచింది పురానాపూల్ ఒక్కటే. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారన్న సంగతి నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వరద ముంచేసింది ముఖ్యంగా పల్లపు బస్తీలనే. అంటే ఎప్పుడూ లేనివాళ్లనే.

1910లో భాగయ్య బడి పెట్టాడు. ఆ నదీతీరానికి ఎంతో దూరం లేని ఇసామియా బజార్‌లో ఒకటి, లింగంపల్లిలో ఒకటి. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. పాలన ఉర్దూలో నడిచే నగరంలో, అంటరానివాళ్లన్న ముద్ర పడిన పిల్లలకు, తెలుగులో చదువు. కొద్దికాలంలోనే ఆ బడులు ఇరవై అయిదు దాకా పెరిగి, రెండు వేలమందికి పైగా పిల్లలు చేరారు. ప్రభుత్వం ఇచ్చిన భవనాలతో మొదలైన పని కాదిది. బస్తీలో దొరికిన గదిలో, నాలుగు అక్షరాలు వచ్చినవాళ్లు రానివాళ్లకు చెప్పడంతో పెరిగింది. నేను ఈ కథలో ఎక్కువసేపు ఆగాలనుకునే చోటు ఇదే. 1906లో మండలి, 1910లో బడి. మధ్యలో నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ హరికథలు, భజనలు, ఇళ్ల చుట్టూ తిరగడం. మనిషి మీద నమ్మకం కుదిరాకే తల్లులు పిల్లల్ని బడికి పంపారు. ఈ వరుస తలకిందులైతే, అంటే ముందు బడి కట్టి తర్వాత జనం కోసం వెతికితే, ఏమవుతుందో మనం ఎన్నో పథకాల్లో చూశాం.

1911లో భాగయ్య మాన్య సంఘం పెట్టాడు. 1913లో ఆర్యసమాజం వాళ్లు వర్మ అన్న బిరుదు ఇచ్చారు. 1917లో బెజవాడలో పంచమ సదస్సుకు అధ్యక్షత వహించి, అంటరానివాళ్లకు వాడే పంచములు అన్న మాటనే కాదని, దాన్ని ఆది ఆంధ్ర సభగా మార్పించాడు. చరిత్ర పుస్తకాలు భాగయ్యను భాగ్యరెడ్డి వర్మ అని గౌరవంగా రాసేది ఇక్కడి నుంచే. 1939 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూసే నాటికి ఆయన నడిపిన ఆది హిందూ ఉద్యమం ఒక శక్తిగా నిలబడింది. ఆ పెద్ద పేరు కింద ఆ పద్దెనిమిదేళ్ల భాగయ్య కనిపించకుండా పోకూడదన్నది నా తపన. ఉద్యమాన్ని మొదలుపెట్టింది ఆ కుర్రాడే.

సరిగ్గా ఆ ఏళ్లలోనే ప్రపంచం ఇంకో చోట కుర్రాళ్ల సేవకు యూనిఫాం కుడుతోంది. 1899లో దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ పట్టణాన్ని బోయర్లు (అక్కడి డచ్ సంతతి వలసదారులు) ముట్టడించినప్పుడు, లోపల చిక్కుకున్న బ్రిటిష్ సేన సందేశాలు మోయడానికి ఆ ఊరి పిల్లలను వాడుకుంది. ఆ సేనాధిపతి బాడెన్ పావెల్. 1907 ఆగస్టులో ఆయన ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవైమంది పిల్లలతో శిబిరం నడిపాడు. అదే స్కౌట్ ఉద్యమానికి మొదలు. 1909కల్లా మన బెంగళూరుకు వచ్చింది కానీ భారతీయ పిల్లలకు అందులో చోటు లేదు. దాంతో 1917లో అనీ బిసెంట్ మద్రాసులో భారతీయ పిల్లల కోసం వేరే స్కౌటు సంఘం పెట్టవలసి వచ్చింది. అటు నుంచి వచ్చిన సేవకు ముందు యూనిఫాం వచ్చింది, పని తర్వాత దొరికింది. ఇటు చాదర్‌ఘాట్ అవతల పని ముందే ఉంది. దానికి ఏ గుర్తూ లేదు.

ఇప్పుడు కాకినాడ. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ ఆ ఊరు వస్తున్నారు. పన్నెండేళ్లు కూడా నిండని ఒక పిల్ల, దుర్గాబాయి, ఊళ్లోని దేవదాసీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని పట్టుబట్టింది. నిర్వాహకులు అయిదు వేల రూపాయలు తెస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. పిల్ల కదా, అంతటితో ఊరుకుంటుంది అనుకున్నారేమో. దేవదాసీలే ఆ డబ్బు పోగుచేశారు. ఒక బడి ఆవరణలో సభ జరిగింది. గాంధీజీ అనుకున్న సమయం దాటి అరగంటకు పైగా ఉండిపోయారు. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇస్తుంటే మొత్తం ఇరవై అయిదు వేల దాకా చేరిందట. అక్కడి నుంచి పెద్ద సభకు వెళ్లాక, తన హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి మార్చే పని అప్పటిదాకా అనువాదకుడిగా అనుకున్న కొండా వెంకటప్పయ్య గారికి కాకుండా ఈ పిల్లకే ఇచ్చారు. తర్వాతి రోజుల్లో తన జ్ఞాపకాలలో ఆమె ఈ సంగతులన్నీ రాసుకున్నారు.

నాకు ఇందులో అందరూ చెప్పే అనువాదం కంటే ముందరి భాగమే గొప్పగా తోస్తుంది. ఊళ్లో పెద్దలకు కనపడని మనుషులు, దేవదాసీలు, ఘోషా స్త్రీలు, ఆ పిల్లకు కనపడ్డారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేసిన పిల్ల అది. ఆడవాళ్ల బతుకులు ఎక్కడ ఇరుక్కుంటాయో లోపలి నుంచి తెలుసు.

ఆ వయసులోనే తాను నేర్చుకున్న హిందీని ఇరుగుపొరుగు ఆడవాళ్లకు చెబుతూ బాలికా హిందీ పాఠశాల నడిపింది. 1923 డిసెంబరులో కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభ జరిగింది. పక్కనే ఖాదీ ప్రదర్శన. గేటు దగ్గర పద్నాలుగేళ్ల దుర్గాబాయి కార్యకర్త. టికెట్ లేకుండా ఎవరినీ లోపలికి పంపవద్దన్నారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, దగ్గర టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి టికెట్ కొనిచ్చాకే వదిలింది. నెహ్రూ కోప్పడలేదు సరికదా, ఆమె బాధ్యతను మెచ్చుకున్నారు. ఈ సంఘటనను మనం పిల్లల ధైర్యం గురించి చెప్పే కథగా వాడుతుంటాం. దీన్ని ఆ రోజు నిర్వాహకుల వైపు నుంచి కూడా చూడాలి. వేల మంది వచ్చే ప్రదర్శనకు గేటును ఒక పద్నాలుగేళ్ల పిల్లకు పూర్తిగా అప్పగించారు. నీళ్ల గ్లాసులు అందించే పని చూపించి పక్కన నిలబెట్టలేదు. అధికారం ఇచ్చారు కాబట్టే ఆమె నెహ్రూను ఆపగలిగింది.

1937లో మద్రాసులో దుర్గాబాయి ఇరుగుపొరుగు పిల్లలతో మొదలుపెట్టిన చిన్న సంఘం నుంచే ఆంధ్ర మహిళా సభ పుట్టింది, తర్వాత హైదరాబాద్‌కూ విస్తరించింది. రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్ష పదవి, ఆ వివరాలన్నీ తెలుగు పాఠకులకు తెలిసినవే. 1953లో ఆమె చింతామన్ దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. మన కథ ఇక్కడ ఒక మలుపు తిరుగుతుంది, అది చాలామంది గమనించని మలుపు.

కుర్రకారు సేవను దేశవ్యాప్తంగా ఒక పద్ధతిలో పెట్టాలన్న ఆలోచన స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే మొదలైంది. రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ విద్యార్థులు స్వచ్ఛందంగా సేవ చేయాలంది. 1958లో నెహ్రూ ముఖ్యమంత్రులకు రాస్తూ, డిగ్రీ చేతికి రావాలంటే సమాజసేవ ఉండాలన్న ఆలోచనను ముందుకు తెచ్చారు. 1959 ఆగస్టులో దీన్ని తేల్చడానికి ఒక సంఘాన్ని వేశారు. దానికి అధ్యక్షుడు సి.డి. దేశ్‌ముఖ్. కాకినాడ గేటు దగ్గర టికెట్ అడిగిన పిల్ల భర్త.

దేశ్‌ముఖ్ సంఘం చేసిన సిఫారసు సూటిగా ఉంది. హైస్కూలు పూర్తిచేసి కాలేజీలో చేరాలనుకునే ప్రతి విద్యార్థీ తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా జాతీయ సేవ చేయాలి, తప్పనిసరిగా. అంటే పదహారు, పదిహేడేళ్ల వాళ్లే. ఖర్చు భరించలేమని, నడపడం కష్టమని ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. 1960లో విద్యావేత్త కె.జి. సయ్యదైన్‌ను ఇతర దేశాల్లో ఇలాంటి సేవ ఎలా నడుస్తోందో చూసి రమ్మని పంపారు. ఇంతలో చైనా యుద్ధం వచ్చింది. 1963 నుంచి కాలేజీల్లో ఎన్‌సీసీ తప్పనిసరి అయింది. కుర్రాళ్లను మైదానాల్లో కవాతు చేయించారు. కొన్నేళ్లకు అదీ బలవంతంగా సాగదని తేలిపోయింది. 1967 ఏప్రిల్‌లో రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చుని, ఇష్టమున్నవాళ్లు ఎన్‌సీసీలో ఉండొచ్చు, లేదంటే సేవా పథకం ఎంచుకోవచ్చు అన్నారు. 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో, అప్పటి విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. మనం ఎన్నెస్సెస్ అంటున్నది దాన్నే.

బ్యాడ్జీ మీద కోణార్క సూర్యరథ చక్రం. ఎనిమిది ఆకులు రోజులోని ఎనిమిది జాములకు గుర్తు. ఏ జామున పిలిచినా సిద్ధం అని. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ప్రత్యేక శిబిరం. మొదట్లో ఇది డిగ్రీ వాళ్లకే ఉండేది. 1985లో కర్ణాటక, పశ్చిమ బెంగాల్‌లలో ప్రయోగంగా ఇంటర్ స్థాయికి తెచ్చి, ఆ తర్వాత మిగిలిన రాష్ట్రాలకు విస్తరించారు. పదహారేళ్ల పిల్లల సేవకు సర్కారు గుర్తింపు దక్కింది అప్పుడే. భాగయ్య మండలి పెట్టిన 79 ఏళ్లకు.

తప్పనిసరి చేయాలన్న దేశ్‌ముఖ్ సిఫారసు ఆగిపోవడం మంచిదే అయిందని నేను అనుకుంటాను. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. కానీ ఆయన ఇంట్లోనే ఉన్న ఉదాహరణ వేరే దారి చూపుతోంది. దుర్గాబాయిని ఎవరూ తప్పనిసరి చేయలేదు. ఆమెకు ఒక గేటు అప్పగించారు, అంతే.

తప్పనిసరి చేయకుండానే కుర్రాళ్లు ముందుకొస్తారన్న మాట నిజమని పాతబస్తీలో కళ్లారా చూశాం. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీ మునిగింది. కొన్ని రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్‌లోకి నీళ్లు దూసుకొచ్చాయి. కరోనా కాలం అది, మనిషి మనిషికి దూరంగా ఉండాలన్న కాలం. అయినా నడుములోతు నీళ్లలో అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు, మందులు మోసుకెళ్లినవాళ్లలో ఆ గల్లీల కుర్రాళ్లు ముందున్నారు. ఏ ఇంటి మేడ మీద మంచం పట్టిన నానమ్మ ఉందో, ఏ సందులో మ్యాన్‌హోల్ తెరిచి ఉందో, బయటి నుంచి వచ్చిన సిబ్బందికి తెలియదు. రోజూ అక్కడే క్రికెట్ ఆడేవాడికి తెలుసు.

పోలియోను తరిమేటప్పుడు కూడా ఈ ఇరుగుపొరుగు బలమే పనిచేసింది. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో చుక్కల మందు మీద అనుమానంతో తల్లిదండ్రులు తలుపులు తీయని కాలంలో, బులావా టోలీ పేరుతో ఆ వీధి పిల్లలే గుంపుగా వెళ్లి పిలిచేవాళ్లు. డాక్టరుకు తెరుచుకోని తలుపు పక్కింటి పిల్లకు తెరుచుకునేది. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ కేసు రాలేదు. అయినా 2016లో హైదరాబాద్ అంబర్‌పేట నాలా నీటిలో టీకా నుంచి మారిన పోలియో వైరస్ దొరికితే, ఆ ఎండాకాలమే నగరంలో లక్షలమంది పిల్లలకు ఇంజెక్షన్ ఇవ్వవలసి వచ్చింది. ఇంటింటికీ తిరిగే పని ఈ నగరానికి తీరిపోలేదు.

మరి మన ఇంటర్ పిల్లలు ఏం చేస్తున్నారు? ఎన్నెస్సెస్ యూనిట్ ఉన్న సర్కారు కాలేజీల్లో మొక్కలు నాటుతున్నారు, ర్యాలీలు తీస్తున్నారు, రక్తదాన శిబిరాల్లో కుర్చీలు వేస్తున్నారు. అన్నీ మంచి పనులే. కానీ ఆ పనిని వాళ్లు ఎంచుకోలేదు. పైనుంచి ఫలానా దినోత్సవం జరపమని కాగితం వస్తుంది, జరుపుతారు, ఫొటో దిగుతారు. ఇక తెల్లారకముందే బస్సు ఎక్కించి చీకటి పడ్డాక దింపే ప్రైవేటు కాలేజీల పిల్లలకైతే ఒక జాము కూడా మిగలదు, ఎనిమిది జాముల మాట ఎందుకు. పదహారేళ్ల వయసును మొత్తంగా ర్యాంకులకు తాకట్టు పెట్టడం ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లో మనం చేస్తున్న పెద్ద నష్టాల్లో ఒకటి. దాన్ని నష్టంగా కూడా చూడటం లేదు.

పాతబస్తీలో ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఊరవతల వారం రోజుల ఎన్నెస్సెస్ శిబిరం, రాత్రి బస అంటే చాలా ఇళ్లలో ఒప్పుకోరు. దాంతో సేవ చేయాలని ఉన్న పిల్ల కూడా జాబితాలో పేరుగా మిగిలిపోతుంది. శిబిరాన్ని ఆమె బస్తీలోనే పెడితే ఏమవుతుంది? పగటి పూట, పదింటి నుంచి నాలుగింటి దాకా, వారం రోజులు. సుల్తాన్‌షాహీలోనో, తలాబ్‌కట్టలోనో చదువు మానేసిన చెల్లెళ్లు ఎందరున్నారో ఆమెకు తెలిసినంత ఏ సర్వేకూ తెలియదు. రేషన్ కార్డు దరఖాస్తు నింపలేని అత్తలు, ఆస్పత్రిలో ఏ గదికి వెళ్లాలో తెలియక వెనక్కి వచ్చే చాచాలు ఆమె ఇంటి చుట్టూనే ఉంటారు. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన పిల్ల అయితే ఆ సహాయం ఇంకా విలువైనది. పాతబస్తీలో అలాంటి పిల్లలకు కొరత లేదు.

నేను కోరేది చిన్న మార్పు. ఎన్నెస్సెస్‌లో ఏడాదికి చేయాల్సిన 120 గంటల్లో మొదటి పది గంటలు పిల్లలు తమ వీధి తిరిగి, లోపం ఏమిటో తామే రాసుకోవడానికి వదిలేయాలి. మిగిలిన 110 గంటలు వాళ్లు రాసుకున్న పనికే కేటాయించాలి. ఆ పనికి వీధిలో ఒక గది కావాలి. అది మసీదు పక్క గది కావచ్చు, గుడి మండపం కావచ్చు, కమ్యూనిటీ హాలు కావచ్చు, సాయంత్రం ఖాళీగా ఉండే బడి తరగతి కావచ్చు. ప్రోగ్రాం ఆఫీసరుగా ఉండే లెక్చరరు వారానికి ఒకసారి వచ్చి లెక్క చూసుకుంటే చాలు. తాళంచెవి మాత్రం పిల్లల దగ్గరే ఉండాలి.